ఆ పైపు ఊడిందని నాకు తెలుసు

ఏడేళ్ళు మోశాను. ఇంకా మోయగలననే అనుకున్నాను. ఎవరి కంటా పడనంతకాలం మనిషి ఎంత బరువైనా మోస్తాడు. పైగా నలుగురూ మెచ్చుకుంటుంటే అది బరువన్న సంగతి కూడా కొన్ని రోజులు మరిచిపోతాడు. నేను మరిచిపోయిన రోజులున్నాయి. ముందు అది చెప్పాలి.

నేను డాక్టర్ని. రిటైరయ్యాను. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్ళకు మత్తు ఇవ్వడం, వాళ్ళు మళ్ళీ కళ్ళు తెరిచేదాకా వాళ్ళ ఊపిరికి కాపలా కాయడం నా ఉద్యోగం. ఒహాయోలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు అదే పని చేశాను. ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, మిగతాది విన్నాక మీరు ‘పాపం, తెలియక జరిగింది’ అనుకోకూడదు. ఊపిరిలోకి ఏం పోతోందో, పోతే రక్తం ఏమవుతుందో చచ్చినట్టు తెలిసి ఉండాల్సిన వాళ్ళలో నేనొకణ్ణి.

రిటైరయ్యాక జార్జియాలో కమ్మింగ్‌కి వచ్చి ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికే అక్కడ మనవాళ్ళు బాగా చేరుతున్నారు. మా ఆవిడకు దగ్గర్లోనే ఒక కాలేజీలో పార్ట్‌టైం ఉద్యోగం దొరికింది. లెక్కలు చెప్పేది. ఒహాయోలో కూడా ఇరవై ఏళ్ళు అదే పని. ఇంట్లో చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒకసారి కారు తాళాలు ఇవ్వడానికి వాళ్ళ క్లాసుకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. బోర్డు దగ్గర ఉన్నావిడ మా ఆవిడేనా అనిపించింది. చేతికి, భుజానికి, చెంపకి సుద్దపొడి. ఒక కుర్రాడు తప్పు చెబితే పకపకా నవ్వి, ఆ తప్పునే బోర్డు మీద రాసి, అది ఎక్కడ దారి తప్పిందో వాడి చేతే పట్టించింది. అలా నవ్వడం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అత్తగారు చివరి నాలుగేళ్ళూ ఒహాయోలో మా దగ్గరే ఉన్నారు. మతిమరుపు జబ్బు. మొదట గిన్నెల పేర్లు మరిచిపోయారు. తరవాత మనవరాలి పేరు. చివరికి కన్నకూతుర్నే ‘ఎవరమ్మా నువ్వు, పొద్దుటినించీ చాకిరీ చేస్తున్నావు, మీ ఇంట్లో వాళ్ళు వెతుక్కోరూ’ అని అడిగేవారు. మా ఆవిడే స్నానం చేయించి, తల దువ్వి, అన్నం తినిపించేది. అత్తగారు పోయాక ఒకసారి నాతో అంది. ‘చావంటే భయం లేదు. ఇలా అవుతానేమోనని భయం.’ ఆ ఒక్క భయాన్నీ నాకు చెప్పుకుంది. నేను దాన్ని ఎలా వాడుకున్నానో వినండి.

రిటైరయ్యాక నాకు వ్యాన్ పిచ్చి పట్టింది. ఎత్తుగా ఉండే డీజిల్ వ్యాన్ ఒకటి కొని, లోపల మంచం, చిన్న స్టవ్, సింకు అన్నీ నా చేతులతోనే బిగించాను. అన్నిటికంటే నాకు గొప్పగా అనిపించింది హీటర్. ఇంజన్ ఆపేశాక కూడా లోపల వెచ్చగా ఉంచుతుంది. ట్యాంకులోని డీజిల్‌నే చుక్కలు చుక్కలుగా తీసుకుని ఒక చిన్న డబ్బాలో మండిస్తుంది. ఆ మంట పొగ వ్యాన్ అడుగునుంచి ఒక పైపు గుండా బయటికి పోవాలి. మనం పీల్చే గాలి ఆ డబ్బా చుట్టూ తిరిగి వేడెక్కి లోపలికి రావాలి. ఆ పొగ, ఈ గాలి ఎక్కడా కలవకూడదు. ఉన్న సూత్రమంతా అదే.

‘ఎవరైనా తెలిసినవాళ్ళ చేత పెట్టించకూడదా?’ అంది మా ఆవిడ.

‘మనుషుల గొంతుల్లో గొట్టాలు వేసినవాణ్ణి, వ్యాన్‌కి వేయలేనా?’ అన్నాను.

హీటర్‌తో వచ్చిన పుస్తకంలో అంతా స్పష్టంగానే ఉంది. పొగ పైపు చివర వ్యాన్ పక్క అంచు దాటి బయటికి రావాలని ఉంది. నా వ్యాన్ అడుగున ఒక ఇనుప బద్దె అడ్డొచ్చింది. దాన్ని తప్పించి తిప్పడం కష్టమని పైపు కోసేసి అడుగునే వదిలేశాను. నడిచే బండి, గాలికి పోతుందిలే అనుకున్నాను. రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కదా ఈ హీటర్ నడిచేది! ఆ మాత్రం ఆలోచన రాలేదా? పైపుని డబ్బాకి పట్టి ఉంచే క్లాంపును కొన్నాళ్ళు వాడాక మళ్ళీ బిగించాలని ఉంది. బిగించలేదు. వైర్ల కోసం సీటు కింద నేను వేసిన రంధ్రం కాస్త పెద్దదైంది. రబ్బరు వాషర్ పట్టలేదు. పుట్టీ పెట్టి పూడ్చాను. ఆ రంధ్రం పక్కనుంచే హీటర్ వ్యాన్ లోపలి గాలిని పీల్చుకుని, వేడి చేసి, వెనక మంచం వైపు వదులుతుంది. ఇవన్నీ చిన్న చిన్న పనులే. ఒక్కొక్కటీ ఒక గంట పని. ఫోటోలు తీసి స్నేహితులకు పంపించడానికి మాత్రం ఓపిక ఉంది నాకు.

ఆ డిసెంబర్‌లో మా ఆవిడకు కాలేజీ సెలవులు ఇవ్వగానే బయల్దేరాం. న్యూ మెక్సికో, అరిజోనా, యూటా. చలికాలంలో ఆ ఎర్రకొండల మీద మంచు చూడాలని నా కోరిక. ఆమెది కాదు. నాతో వచ్చింది.

టెక్సాస్ దాటేదాకా ఇద్దరం బాగానే ఉన్నాం. న్యూ మెక్సికోలో అలలు అలలుగా ఉన్న ఒక మట్టిరోడ్డు మీద అరవై మైళ్ళు పోయాం. వ్యాన్‌లో స్పూన్ల దగ్గర్నుంచి మా పళ్ళ దాకా అన్నీ గడగడలాడాయి. క్లాంపు ఊడింది అక్కడే అయి ఉండాలి. మర్నాటినుంచే మొదలైంది.

నా అలవాటు ఏమిటంటే, తెల్లవారుతుండగానే కెమెరా పట్టుకుని బయటికి పోయేవాణ్ణి. రెండు గంటలు, ఒక్కోసారి మూడు. పోతూ పోతూ హీటర్ పెద్దది చేసి, తలుపు గట్టిగా మూసి పోయేవాణ్ణి. ఆమెకు చలి వేయకూడదని. ఆమె లోపల కూర్చుని వచ్చే సెమిస్టర్‌కి పాఠాలు రాసుకునేది. నేను తిరిగొచ్చేసరికి తల పట్టుకుని కూర్చుని ఉండేది. కడుపులో తిప్పుతోందనేది. ఒకరోజు కాఫీ కలుపుతూ ‘అది... అది ఇవ్వండి’ అంటూ చెయ్యి చాపింది. చక్కెర అన్న మాట రాలేదు ఆమెకు.

నాకూ పొద్దున్నే కాస్త తలబరువుగా ఉండేది. బయటి గాలికి పోయేది. ఎత్తైన ప్రదేశం కదా, ఇద్దరికీ సర్దుకుంటుంది అన్నాను.

వ్యాన్‌లో అలారం ఉంది. కార్బన్ మోనాక్సైడ్ ఉంటే కూసే అలారం. అదీ నేను పెట్టిందే. రెండు రోజులు వరసగా పొద్దున్న కూసింది. రెండోరోజు ఆమె పప్పులో పోపు పెడుతోంది. ‘నీ పోపు ఘాటుకే ఇది కూస్తోంది’ అన్నాను. ఆ అలారం పోపుకి కూయదు. నాకు తెలుసు. ఏదో నాసిరకం అలారం అనుకుని బ్యాటరీ తీసి సొరుగులో పడేశాను. ఆ తరవాత ప్రయాణంలో ఆమె పోపు పెట్టడం మానేసింది. బ్రెడ్డు, పెరుగన్నం.

ఇప్పుడు అసలు సంగతి.

యూటాలో ఒక పొద్దున. నేను తిరిగొచ్చేసరికి వ్యాన్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె మెట్టు మీద దుప్పటి కప్పుకుని, పాదాలు మంచులో పెట్టుకుని కూర్చుని ఉంది. హీటర్ ఆగి ఉంది. వేడంతా పోతోంది కదా అని కసిరాను. ఆమె తల ఎత్తి చూసింది. పెదవులు ఆరిపోయి ఉన్నాయి.

‘ఏమండీ, ఒక రెండు రోజులు ఈ హీటర్ ఆపి చూద్దామా? స్వెట్టర్లు వేసుకుని పడుకుందాం. నాకెందుకో దీని వల్లే అనిపిస్తోంది. బయట కూర్చున్నాక కాస్త నయంగా ఉంది.’

చూశారా, ఆమె కనిపెట్టింది. వైద్యం చదవని మనిషి, తలనొప్పితో వికారంతో ఉన్న మనిషి, బోర్డు మీద తప్పు ఎక్కడుందో పట్టుకున్నట్టే పట్టుకుంది.

నేనేం చేశాను? మందుల సంచీలోంచి ఆక్సిజన్ మీటర్ తీశాను. వేలికి తగిలించేది. ఆమె చూపుడు వేలు చల్లగా ఉంటే నా చేతుల్లో రుద్ది వెచ్చచేసి మరీ తగిలించాను. ఎర్ర అంకెలు వచ్చాయి.

‘చూడు. తొంభై ఏడు. ఆక్సిజన్ దివ్యంగా ఉంది. గాలి సంగతి నాకు చెబుతావా నువ్వు?’

‘అయితే ఇది ఏమిటి? మాటలు రావట్లేదండీ నాకు. నిన్న మన జిప్ కోడ్ గుర్తురాలేదు.’

‘వయసు.’

‘ఇంత హఠాత్తుగానా?’

‘మీ అమ్మగారికీ ఇలాగే కదా మొదలైంది’ అన్నాను.

అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాటని మనసులో ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో. కోపంలో అన్నానా? చలిలో నిలబడి విసిగి అన్నానా? కాదు. నేను బిగించిన హీటర్‌ని ఒకరు వేలెత్తి చూపితే తట్టుకోలేక, ఎక్కడ కొడితే ఆమె నోరు మూతపడుతుందో తెలిసి, అక్కడ కొట్టాను. ఆమె వేలినుంచి మీటర్ తనే తీసి నాకు ఇచ్చింది. లేచి లోపలికి పోయి పక్క సర్దింది.

ఆ తొంభై ఏడు సంగతి కూడా చెప్పాలి. ఆ మీటర్ రక్తం ఎంత ఎర్రగా ఉందో చూసి అంకె చెబుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా దానికి ఆక్సిజన్ ఉన్నట్టే ఎర్రగా కనపడుతుంది. మనిషి ఆ విషంతో పోతున్నా మీటర్ బాగుందనే చెప్పవచ్చు. ఇది మా పనిలో మొదటి ఏడాది పాఠం. నా కింద పనిచేసిన జూనియర్లకు నేనే చెప్పాను, ఒకసారి కాదు, ప్రతి ఏడాదీ. ‘ఈ అంకెని నమ్మి ఎవరినీ చంపకండి’ అనేవాణ్ణి. మరి ఆ పొద్దున ఆ పాఠం నాకు గుర్తులేదా? ఇది నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. మొదట్లో గుర్తులేదనే చెప్పుకున్నాను. ఇప్పుడు మీకు నిజం చెబుతాను. గుర్తుంది. మీటర్ తీస్తున్నప్పుడు మనసులో ఒక మూల అది కదిలింది, నేను దాన్ని అణిచేశాను. నాకు ఆమె ఎలా ఉందో తెలుసుకోవడం కాదు కావాల్సింది, ఆమెకు చూపించడానికి ఒక అంకె.

తిరుగు ప్రయాణంలో టెక్సాస్‌లోని కాపెల్‌లో నా పాత స్నేహితుడింట్లో రెండు రోజులున్నాం. ఇంట్లో పడుకున్న మొదటి పొద్దున్నే ఆమెకు తల తేలికపడింది. స్నేహితుడి భార్యతో కలిసి పెసరట్లు వేసింది. వాళ్ళ పిల్లకు లెక్కల హోంవర్క్ చేయించింది. అదైనా నాకు ఆధారంగా కనపడి ఉండాలి కదా? నేనేమన్నానో తెలుసా? ‘చూశావా, నలుగురిలో ఉంటే నీకేం లేదు. నా వ్యాన్ అంటేనే నీకు పడదు.’

ఇంటికి చేరిన వారానికి, జనవరిలో, వ్యాన్ అడుగు కడుగుదామని నీళ్ళ పైపు పట్టుకుని కిందికి దూరాను. వెల్లకిలా పడుకుని చూస్తే, పొగ పైపు డబ్బానుంచి పూర్తిగా ఊడి, పక్కకి వేలాడుతోంది. క్లాంపు మట్టిరోడ్డు మీద ఎక్కడ పడిపోయిందో. పుట్టీ వేడికి కరిగి జారిపోయి ఉంది. ఆ రంధ్రం చుట్టూ, అరచేయంత మేర, నల్లటి మసి. పొగ ఎక్కడికి పోయిందో ఎవరో వేలితో గీసి చూపించినట్టుంది.

ఎంతసేపు అలా పడుకున్నానో తెలియదు. కాంక్రీటు చల్లదనం వీపులోకి దిగింది. ఇంట్లోంచి ఆమె పిలుస్తోంది, టీ చల్లారిపోతోందని. ‘వస్తున్నా’ అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. అది నాకిప్పటికీ ఆశ్చర్యం.

ఆ టీ తాగుతూ చెప్పి ఉండాల్సింది. ‘నువ్వు చెప్పిందే నిజం, నీకేం జబ్బు లేదు, అది విషపు గాలి, తప్పు నాది.’ ఇంతే కదా, నాలుగు ముక్కలు! ఎందుకు చెప్పలేదు? ఆమె తిడుతుందని కాదు, తిట్టే మనిషి కాదు. ఆమె నన్ను చూసే చూపు మారుతుందని. వాళ్ళాయన గొప్ప డాక్టర్ అని ఆమెకు నలభై ఏళ్ళ నమ్మకం. ఇప్పుడు ప్రమాదం తప్పింది కదా, వ్యాన్ నడపడం లేదు కదా, ఆమె తనంతట తను బాగుపడుతుంది కదా, చెప్పి ఏం లాభం అనుకున్నాను. మర్నాడు ఆమె కాలేజీకి పోయాక కొత్త పైపు తెచ్చి, ఈసారి పుస్తకంలో ఉన్నట్టే అంచు దాకా తెచ్చి బిగించాను. రంధ్రానికి సరైన రబ్బరు వేశాను. కొత్త అలారం పెట్టాను. మసి తుడిచాను. పాత పైపును ఊరి చివర చెత్తకుప్పలో పడేసి వచ్చాను. ఒక పూట పని. అంత బాగా నేను ఆ వ్యాన్‌కి ఏ పనీ చేయలేదు.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె కాలేజీనుంచి వచ్చి గ్యారేజీలో కార్లోనే కూర్చుండిపోయింది. నేను పోయి తలుపు తీశాను.

‘ఇవాళ బోర్డు దగ్గర ఆగిపోయాను. తరవాత ఏం రాయాలో తెలియలేదు. పిల్లలంతా చూస్తున్నారు.’

ఎవరికైనా జరిగేదే అది. ఆ గాలి వల్ల మిగిలిన మరపు అయినా అయి ఉండవచ్చు. కొందరికి ఆ విషం వారాల తరవాత కూడా తేడా చేస్తుంది. అది కూడా నాకు తెలుసు. ఆమెకు మాత్రం ఒకటే తెలుసు. వాళ్ళమ్మకి ఇలాగే మొదలైందని వాళ్ళాయన చెప్పాడు, ఆయన డాక్టరు.

మార్చిలో నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చిన్న వయసువాడు, శ్రద్ధగా అన్నీ అడిగాడు. బొమ్మలు గీయించాడు, మాటలు గుర్తుపెట్టుకోమన్నాడు. అన్నీ బాగానే చేసింది. తరవాత, ఈ మధ్య ఎక్కడైనా పొగ, గ్యాస్ పీల్చే అవకాశం ఉందా, ఇంట్లో హీటర్లూ అవీ సరిగ్గా ఉన్నాయా అని అడిగాడు.

ఆమె నా వైపు తిరిగింది. అనుమానంతో కాదు. అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేది ఎప్పుడూ నేనే కనుక.

‘నో. నథింగ్ లైక్ దట్’ అన్నాను.

అంతవరకూ నేను చేసింది ఒక రకం. ఆ గదిలో చేసింది ఇంకో రకం. అంతవరకూ పిరికితనం అనుకోవచ్చు. ఆ డాక్టర్ తన కాగితం మీద ఒక గడిలో టిక్కు పెట్టి, తరవాతి ప్రశ్నకు పోయాడు. ఇప్పటికైతే ఏమీ లేదు, కుటుంబంలో ఉంది కనుక గమనిస్తూ ఉండండి అన్నాడు. గమనిస్తూ ఉండండి! ఆమె అది అక్షరాలా పాటించింది. ఏప్రిల్ చివర కాలేజీకి రాజీనామా ఉత్తరం రాసింది. పిల్లలకు తప్పు లెక్క చెప్పే రోజు రాకముందే తప్పుకోవాలంది. ఆ ఉత్తరంలో ఇంగ్లీషు తప్పులున్నాయేమో చూడమని నాకే ఇచ్చింది. చూశాను. ఒక్క తప్పూ లేదు. అదే చెప్పి తిరిగి ఇచ్చాను.

తరవాత డ్రైవింగ్ మానేసింది. ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. స్టవ్ ఆపాను, మాత్ర వేసుకున్నాను, ఫలానావాళ్ళు వచ్చారు, వాళ్ళ పిల్లల పేర్లు ఇవి. ప్రతిరోజూ తారీఖు వేసి రాసేది. ఎవరింటికైనా భోజనానికి పోయేముందు ఆ పేర్లు ఒకసారి చదువుకునేది, పరీక్షకి పోయే పిల్లలా.

నేను వ్యాన్ అమ్మేశాను. నాకు దాన్ని చూడటం చేతకాలేదు, అంతే. కానీ ఆమె అందరితో ఏం చెప్పిందంటే, ‘నా ఆరోగ్యం కోసం ఆయన ప్రాణంలా చూసుకున్న వ్యాన్ అమ్మేశారు’ అని. నేను పక్కనే కూర్చుని విన్నాను. మా వీధిలో సాఫ్ట్‌వేర్ కుర్ర జంటలు చాలామంది. ఆ అమ్మాయిలు వాళ్ళ మొగుళ్ళతో అనేవారు, ‘అంకుల్‌ని చూసి నేర్చుకో, ఆంటీని ఎలా చూసుకుంటారో’ అని. నేను చిన్నగా నవ్వేవాణ్ణి. నిజంగానే బాగా చూసుకునేవాణ్ణి మరి. ఎక్కడికంటే అక్కడికి కారులో దింపేవాణ్ణి. కూరలు తరిగేవాణ్ణి. అంత బాగా చూసుకోవడం ఎక్కడినుంచి వచ్చిందో నాకొక్కడికే తెలుసు.

ఏడేళ్ళు గడిచాయి. ఆ జబ్బు రాలేదు. ఏటా పరీక్షలు, ఏటా ‘ఏమీ లేదు’. ఆమె మాత్రం దేవుడు ఇంకొక ఏడాది గడువిచ్చాడనుకునేది. రెడ్‌మండ్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో చెప్పేది, ‘మీ డాక్టర్ అడిగితే అమ్మమ్మకీ, అమ్మకీ ఉందని చెప్పు, దాచకు’ అని.

మొన్న వేసవిలో ఒకరోజు ఆమె ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మతి తప్పినవాళ్ళను చూసుకునే ఒక హోం తాలూకు కాగితాలు. పక్కింటి అమ్మాయిని బతిమాలి తీసుకెళ్ళమని, నాకు చెప్పకుండా పోయి, గదులు చూసి వచ్చింది.

‘నాకు తెలివుండగానే సంతకం పెట్టేస్తానండీ. మా అమ్మతో నేనెంత అలిసిపోయానో మీరు చూశారు. మీకా కష్టం వద్దు. నేను మిమ్మల్ని ఎవరని అడిగిన రోజు, ఇంక ఆలోచించకుండా నన్ను అక్కడ దింపేసి రండి. బాగానే ఉంది. కిటికీలోంచి చెట్లు కనపడతాయి.’

నా కోసం! నేను కష్టపడకూడదని! ఆమె అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. క్లాంపు, పైపు, రంధ్రం, మసి, అలారం, మీటర్ అంకె, డాక్టర్ గదిలో నేను అన్న మాట. వరసగా రాలేదు. ముందుది వెనక, వెనకది ముందు. ఆమె చేతులు ఆగలేదు. గిన్నెలో కాయలన్నీ అయిపోయేదాకా ఒక్కొక్కటే తీసుకుని, ఈనె తీసి, తుంచి, పక్కన వేసింది. తరవాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

‘మీకెప్పుడు తెలిసింది?’

‘ఇంటికొచ్చిన వారానికి.’

‘అంటే జనవరి రెండోవారం.’

‘ఊఁ.’

‘నేను బోర్డు దగ్గర ఆగిపోయింది జనవరి ఇరవై తొమ్మిదిన. డాక్టర్ దగ్గరికెళ్ళింది మార్చి పదకొండున. ఉత్తరం ఇచ్చింది ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన.’

నోట్‌బుక్ పై గదిలో ఉంది. ఆమె లేవలేదు. నా మొహంలోకి చూస్తూ ఒక్కొక్క తారీఖూ చెప్పింది. నేను తల వంచుకున్నాను.

‘మీరు ఆ రోజు మా అమ్మ పేరెత్తారు’ అంది చివరికి. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని సింకు దగ్గరికి పోయి, కుళాయి కింద చాలాసేపు కడిగింది.

అమ్మాయికి నన్నే చెప్పమంది. ఫోన్ చేశాను. అంతా విని అమ్మాయి ‘డాడీ, నీకు తెలుసా? ఆల్ దిస్ టైం నీకు తెలుసా?’ అంది. అవునన్నాను. ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు వాళ్ళమ్మకే చేస్తుంది. ఫోన్ మోగితే నేను లేచి పెరట్లోకి పోతాను, వాళ్ళు తీరిగ్గా మాట్లాడుకోవాలి కదా.

మా ఆవిడ ఇంట్లోనే ఉంది. వంట చేస్తుంది, నాకు వడ్డిస్తుంది, తను తరవాత తింటుంది. పడక మేడ మీది గదిలోకి మార్చుకుంది. అవసరమైన మాట మాట్లాడుతుంది. హోం కాగితాలు ఏం చేసిందో నాకు తెలియదు, అడగలేదు. క్షమించమని అడిగానా అంటే, ఒకసారి మొదలుపెట్టాను. ‘ఇప్పుడు వద్దు’ అంది. ఎప్పుడని అడిగే హక్కు నాకు లేదు.

చెప్పేశాక తేలికపడ్డానా? పడ్డాను. అబద్ధమెందుకు? ఏడేళ్ళ తరవాత మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఆ రాత్రే మేడ మీద ఆమె నిద్రపోలేదని నాకు తెలుసు, పొద్దుటిదాకా గదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నానని నేను లేచాక తనే అంది. నా మోత దిగి ఆమె మీదికి ఎక్కింది. ఆ తేలికకి కూడా సిగ్గుగా ఉంది నాకు.

ఇది రాయాలనుకున్నప్పుడు ఆమెను అడిగాను.

‘రాయండి. నా పేరు మాత్రం వద్దు. మీ పేరూ వద్దు.’

‘నాదెందుకు వద్దు? తప్పు చేసింది నేను. నా పేరు ఉండాలి కదా?’

‘పేరు పెడితే నలుగురూ ఫోన్ చేస్తారు. ఎంత ధైర్యంగా ఒప్పుకున్నారండీ అంటారు. అది ఈ ఇంట్లో కూర్చుని నేను వినలేను.’

అందుకే కింద ఎవరి పేరూ లేదు.